54 ఏళ్లకే ఉద్యోగం మానేస్తే ఆర్‌ఆర్‌ఎస్‌పీ డబ్బు తీసుకోవచ్చా?

ప్రశ్న: 2003లో విశాఖపట్నం నుంచి కెనడా వచ్చాం. అంటారియోలో ఉంటున్నాం. నాకు 54 ఏళ్లు. ఈ డిసెంబరుతో ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. నా ఆర్‌ఆర్‌ఎస్‌పీలో (తీసేదాకా పన్ను వాయిదా పడే రిటైర్మెంట్ పొదుపు ఖాతా) 6 లక్షల డాలర్లు, పాత కంపెనీ పెన్షన్ నుంచి వచ్చిన లైరాలో (తాళం వేసిన రిటైర్మెంట్ ఖాతా) 1.8 లక్షలు, టీఎఫ్‌ఎస్‌ఏలో (పన్ను లేని పొదుపు ఖాతా) 90 వేలు ఉన్నాయి. నా భార్య పేరిట ఉన్న స్పౌజల్ ఆర్‌ఆర్‌ఎస్‌పీలో నేను కట్టింది 1.2 లక్షలు అయింది. చివరిసారి 2025 ఫిబ్రవరిలో కట్టాను. ఆమె ఇంకో నాలుగైదేళ్లు పనిచేస్తుంది, జీతం ఏడాదికి 38 వేలు. 71 ఏళ్లు రాకముందే తీస్తే 30 శాతం పన్ను, పైన జరిమానా అని న్యూజెర్సీలో ఉండే మా బావగారు అంటున్నారు. నిజమేనా? కొన్నేళ్లకు విశాఖ వెళ్లిపోయే ఆలోచన కూడా ఉంది.

జవాబు: మీ బావగారు చెప్పింది అమెరికా లెక్క. అక్కడ 401(కే) అనే రిటైర్మెంట్ ఖాతాలో సొమ్ము 59న్నర ఏళ్లకు ముందు తీస్తే మామూలు పన్నుకు తోడు సాధారణంగా మరో 10 శాతం పడుతుంది. కెనడా చట్టంలో అలాంటి జరిమానా లేదు. ఆర్‌ఆర్‌ఎస్‌పీ నుంచి ఏ వయసులోనైనా తీసుకోవచ్చు. తీసిన మొత్తం ఆ ఏడాది ఆదాయంలో కలుస్తుంది, అంతే. పోయేది ఒకటుంది: తీసిన మేరకు మళ్లీ కట్టుకునే హక్కు తిరిగి రాదు. ఉద్యోగం మానేసే మనిషికి అదేమంత నష్టం కాదు.

ఇక ఆ 30 శాతం సంగతి. అది పన్ను కాదు, పన్ను ఖాతాలో ముందే కోసి పెట్టే అడ్వాన్సు. క్యుబెక్ బయట, ఒకసారి తీసే మొత్తం 5 వేల డాలర్లలోపు ఉంటే 10 శాతం, 15 వేల వరకు 20 శాతం, ఆపైన 30 శాతం కోస్తారు. అసలు పన్ను ఎంతో మరుసటి ఏడాది ఏప్రిల్‌లో రిటర్ను వేసినప్పుడే తేలుతుంది.

మీకు వేరే ఆదాయం లేకుండా ఏడాదికి 40 వేలు తీశారనుకుందాం. 2025 రేట్లతో ఫెడరల్ పన్ను దాదాపు 3,460, అంటారియో పన్ను 1,375, దానిపై అంటారియో హెల్త్ ప్రీమియం 450, వెరసి 5,300 డాలర్లకు కాస్త తక్కువ. అంటే 13 శాతం. ఒకేసారి 40 వేలు తీస్తే బ్యాంకు 12 వేలు కోసేస్తుంది, దాదాపు 6,700 వెనక్కి రావడానికి మీరు మరుసటి వేసవి దాకా ఎదురుచూడాలి. అదే ఏడాది పొడవునా ఎనిమిదిసార్లు 5 వేల చొప్పున తీస్తే 4 వేలే కోస్తారు, ఏప్రిల్‌లో 1,300 మీరు కట్టాలి. రెండో పద్ధతే మేలు. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకేసారి 20 వేలు అడిగి నాలుగు ముక్కలుగా ఇవ్వమంటే కుదరదు, ఒకే కోరికను ముక్కలు చేస్తే మొత్తం మీదే రేటు వేస్తారు. రెండోది, ఏప్రిల్‌లో కట్టాల్సిన బాకీ 3 వేలు దాటిందంటే, అంతకుముందు రెండేళ్లలో ఒక ఏడాదైనా అలాగే దాటి ఉంటే, మూడు నెలలకోసారి వాయిదాలు కట్టమని నోటీసు వస్తుంది. అది మానితే వడ్డీ పడుతుంది.

కొన్ని సంస్థలు ఆర్‌ఆర్‌ఎస్‌పీ నుంచి తీసిన ప్రతిసారీ ఛార్జీ వేస్తాయి. అలాగైతే 2 లక్షలో 3 లక్షలో రిఫ్‌కు (ఆర్‌ఆర్‌ఎస్‌పీ సొమ్మును మార్చుకుని ఏటా కనీసం కొంత తీసుకోవాల్సిన ఖాతా) మార్చుకోండి, 71 దాకా ఆగనక్కర్లేదు. రిఫ్ తెరిచిన మొదటి ఏడాది కనీస మొత్తం సున్నా, కనుక ఆ ఏడాది తీసిన ప్రతి డాలరుపైనా కోత ఉంటుంది. రెండో ఏడాది నుంచి కనీస మొత్తంపై కోత ఉండదు. లెక్క సులువు: 90లోంచి జనవరి 1న మీకున్న వయసు తీసేయండి, ఆ రోజున ఖాతాలో ఉన్న సొమ్మును ఆ సంఖ్యతో భాగించండి. 55 ఏళ్లకు 35వ వంతు, అంటే 2.86 శాతం. కోత లేదంటే పన్ను లేదని కాదు, ఏప్రిల్ బాకీ పెరుగుతుంది. కనీస మొత్తం లెక్కకు మీలో చిన్నవారి వయసు పెట్టుకోవచ్చు, కానీ మొదటి చెల్లింపు రాకముందే ఫారంలో ఆ మాట రాయాలి, తర్వాత మార్చరు. రిఫ్ ఆదాయాన్ని భార్యాభర్తలు పంచుకుని చూపే వీలు 65 నిండాకే వస్తుంది.

అసలు తీయకుండా ఉంచితే ఏమవుతుంది? ఇదే మీరు బాగా ఆలోచించాల్సిన చోటు. 6 లక్షలు ఏడాదికి 4 శాతం చొప్పున పెరిగినా 17, 18 ఏళ్లలో 12 లక్షలకు చేరుతుంది. 71 నిండే ఏడాది డిసెంబరు 31లోగా దాన్ని రిఫ్‌గానో యాన్యుటీగానో (క్రమం తప్పకుండా సొమ్ము ఇచ్చే పాలసీ) మార్చక తప్పదు. రిఫ్ అయితే మరుసటి ఏడాది కనీసం 5.28 శాతం, అంటే 63 వేల డాలర్లకు పైగా, మీకు అవసరం ఉన్నా లేకున్నా చేతికొస్తుంది. ఆ వాటా ఏటా పెరుగుతూ పోతుంది. దానికి సీపీపీ (ఉద్యోగంలో కట్టిన చందాపై వచ్చే ప్రభుత్వ పెన్షన్), ఓఏఎస్ (నివాస కాలాన్ని బట్టి వచ్చే వృద్ధాప్య పెన్షన్) కలుస్తాయి. 2025 లెక్కన ఆదాయం 93,454 దాటిన ప్రతి డాలరుకూ ఓఏఎస్‌లో 15 సెంట్లు వెనక్కి లాగుతారు. పన్ను 13 శాతంలో ఉన్న ఈ పదేళ్లలో తీయకుండా దాచి, పెద్ద శ్లాబులో తీయడమంటే చవకగా దొరికే రోజున మానేసి గిరాకీ రోజున కొనుక్కున్నట్టే. 54 నుంచి 65 దాకా ఉండే ఖాళీ ఏళ్లే మీ ఆస్తి. ఖర్చుకు మించి తీసినా ఫర్వాలేదు, మిగిలింది టీఎఫ్‌ఎస్‌ఏలో వేసుకోండి.

అయితే ఎంత తీయాలో నిర్ణయించేటప్పుడు పన్ను శ్లాబు ఒక్కటే చూస్తే చాలదు. 18 ఏళ్లలోపు పిల్లలుంటే కెనడా చైల్డ్ బెనిఫిట్ మీ ఇద్దరి నికర ఆదాయం మీద ఆధారపడుతుంది, ఆర్‌ఆర్‌ఎస్‌పీ సొమ్ము అందులో లెక్కే. కాలేజీలో ఉన్న పిల్లలకు ఓసాప్ (అంటారియో ఇచ్చే విద్యార్థి ఆర్థిక సాయం) కూడా తల్లిదండ్రుల ఆదాయం చూస్తుంది. మీ ఉద్యోగంతోపాటు దంతవైద్య బీమా పోయి, మీ భార్య కంపెనీలోనూ అది లేకపోతే, కెనడియన్ డెంటల్ కేర్ ప్లాన్‌కు కుటుంబ నికర ఆదాయం 90 వేలలోపు ఉండాలి. 70 వేలలోపయితే ఆ ప్లాన్ రేటు మేరకు వాటా కట్టనక్కర్లేదు, 70 నుంచి 80 వేల మధ్య 40 శాతం మీ జేబులోంచి పోతుంది. ఆమె జీతం 38 వేలకు మీరు తీసే 40 వేలు కలిస్తే 78 వేలు. ఏ ఏడాది పళ్లకు పెద్ద పని చేయించాలో ముందే తెలిస్తే, అంతకు ముందటి ఏడాది 31 వేలతో సరిపెట్టుకోవడం తెలివైన పని.

స్పౌజల్ ఆర్‌ఆర్‌ఎస్‌పీలో చాలామంది చేసే తప్పు తేదీ దగ్గర. మీరు కట్టిన క్యాలెండరు ఏడాది, దాని తర్వాతి రెండేళ్లు, ఈ మూడేళ్లలో మీ భార్య తీసుకుంటే మీరు కట్టిన మేరకు ఆ ఆదాయం మీదే అవుతుంది. 2025 ఫిబ్రవరిలో కట్టింది 2024 రిటర్నులో మినహాయింపు పొందినా సరే, చూసేది కట్టిన తేదీనే. కనుక ఆమె పేరున పన్ను పడాలంటే 2028 జనవరి 1 దాకా ఆగాలి. ఈ మధ్యలో ఆమెకున్న ఏ స్పౌజల్ ఖాతాలోనూ ఒక్క డాలరు కూడా కట్టకండి, గడియారం మళ్లీ మొదటికి వస్తుంది. ఎలాగూ ఆమెకు జీతం ఉంది కాబట్టి, ఆమె పని మానేసిన ఏడాదే ఈ ఖాతాను కదపడం లాభం.

లైరా సంగతి వేరు. అది పెన్షన్ చట్టం కింద తాళం వేసిన సొమ్ము, ఆర్‌ఆర్‌ఎస్‌పీలా కావాలన్నప్పుడు తీయలేరు. ఏ ప్రభుత్వ చట్టం వర్తిస్తుందో మీరు ఎక్కడ ఉంటున్నారన్నదాన్ని బట్టి కాదు, ఆ ఉద్యోగం ఏ పరిధిలోదన్నదాన్ని బట్టి తేలుతుంది. బ్యాంకు, విమానయాన, టెలికాం ఉద్యోగాలు ఫెడరల్ చట్టం కిందకు వస్తాయి. ఖాతా తెరిచినప్పటి ఒప్పందం తీసి చూడండి, అందులో రాసి ఉంటుంది. అంటారియో చట్టమే అయితే సాధారణంగా 55 నిండాక దాన్ని లిఫ్‌కు (లైరా సొమ్మును ఏటా పరిమితిలో ఇచ్చే ఖాతా) మార్చవచ్చు. మార్చిన 60 రోజుల్లోపు అడిగితే సగం, మీ విషయంలో 90 వేలు, తాళం విడిపోతుంది. ఈ 60 రోజులు దాటిపోయి ఆ వీలు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ. రెండు అడుగులకూ మీ భార్య రాతపూర్వక సమ్మతి కావాలి. ఆ సగాన్ని నగదుగా తీసుకోకండి, ఒకే ఏడాది 90 వేలు ఆదాయంలో కలుస్తాయి. నేరుగా మీ ఆర్‌ఆర్‌ఎస్‌పీకి బదిలీ చేయమనండి. దానికి కాంట్రిబ్యూషన్ రూమ్ (ఖాతాలో కట్టుకోవడానికి మిగిలి ఉన్న పరిమితి) అక్కర్లేదు, పన్నూ లేదు. మిగతా సగం నుంచి ఏటా కనీసానికీ గరిష్ఠానికీ మధ్య మాత్రమే తీసుకోగలరు.

టీఎఫ్‌ఎస్‌ఏను చివరి దాకా అట్టిపెట్టుకోండి. ఇల్లు కప్పు మార్చాల్సి వచ్చినా, మార్కెట్ పడిపోయిన ఏడాదైనా అందులోంచి తీసుకుంటే ఆదాయంలో కనిపించదు. తీసినంత మళ్లీ పెట్టుకోవచ్చు, కానీ మరుసటి జనవరి 1 తర్వాతే. మార్చిలో తీసి సెప్టెంబరులో పెట్టేశారా, రూమ్ మిగిలి లేకపోతే ఎక్కువైన దానిపై నెలకు 1 శాతం పడుతుంది.

సీపీపీ 60 నుంచి తీసుకోవచ్చు. 65 కంటే ముందు తీసుకునే ప్రతి నెలకూ 0.6 శాతం తగ్గుతుంది, 60కే తీసుకుంటే 36 శాతం కోత. మనవాళ్లు గమనించని విషయం ఒకటుంది: వలస వచ్చింది ఎప్పుడైనా లెక్క 18 ఏళ్ల నుంచే మొదలవుతుంది. విశాఖలో చదివిన, పనిచేసిన ఏళ్లూ సున్నాలే, 54 తర్వాత ఏళ్లూ సున్నాలే. తక్కువ సంపాదన ఉన్న 17 శాతం కాలాన్ని వదిలేస్తారు. 65కు లెక్కవేస్తే 47లో దాదాపు 8 ఏళ్లు పోయి 39 మిగులుతాయి, మీరు కట్టినవి 23. కాబట్టి ఎప్పుడూ గరిష్ఠ చందా కట్టినా మీకు వచ్చేది పూర్తి మొత్తంలో 59 శాతం చుట్టుపక్కల. సర్వీస్ కెనడా ఖాతాలో కనిపించే అంచనా మీరు 65 దాకా ఇలాగే సంపాదిస్తారనుకుని వేసింది, దాన్ని నమ్మి బడ్జెట్ వేయకండి.

ఇక విశాఖ ప్రయాణం. ఓఏఎస్‌కు 40 ఏళ్ల నివాసం ఉంటే పూర్తి మొత్తం, మీరు 2030లో వెళ్లిపోతే 27/40 వస్తుంది. 18 దాటాక 20 ఏళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి ఇండియాలో ఉన్నా ఇస్తారు. 20 నిండనివారికి 2015 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉన్న భారత్–కెనడా సామాజిక భద్రత ఒప్పందం అర్హత వరకు సాయపడుతుంది, మొత్తాన్ని పెంచదు.

కెనడా వదిలి పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్ అయ్యాక ఆర్‌ఆర్‌ఎస్‌పీ ఒకేసారి తీస్తే 25 శాతం కోస్తారు, మామూలుగా అదే తుది పన్ను. ఏడాదికి 40 వేలు తీసుకునేవారికి ఇది 13 కంటే ఎక్కువ, కనుక వెళ్లకముందే తీయడం మంచిది. కానీ 3 లక్షలు మిగిలిపోయి ఒకేసారి మూసేయాలంటే లెక్క తిరగబడుతుంది. ఇక్కడి రెసిడెంటుగా తీస్తే పైభాగంపై అంటారియోలో 53.53 శాతం దాకా పోతుంది, వెళ్లాక 25 తో సరి. ఇండియాలో మొదటి రెండు, మూడేళ్లు సాధారణంగా ఆర్‌ఎన్‌ఓఆర్ (రెసిడెంటే కానీ సాధారణ రెసిడెంటు కాదు) హోదా ఉంటుంది, విదేశంలో పుట్టి విదేశంలోనే చేతికందిన ఆదాయంపై అక్కడ పన్ను ఉండదు. అందుకే సొమ్ము ముందు కెనడా బ్యాంకు ఖాతాలో పడాలి, నేరుగా విశాఖ ఖాతాకు పంపమనకండి. ఆ హోదా దాటాక కూడా ఆర్‌ఆర్‌ఎస్‌పీ మిగిలి ఉంటే, లోపల పెరిగే వడ్డీపై ఏటా కాక తీసిన ఏడాదే పన్ను కట్టే వెసులుబాటు కెనడా ఖాతాలకు ఉంది. 2021 ఫైనాన్స్ చట్టం 89ఏ సెక్షన్‌గా తెచ్చింది, ఫారం 10ఈఈ రిటర్ను గడువులోగా వేయాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టమే మారింది కనుక వేసే ఏడాది సెక్షన్, ఫారం సంఖ్యలు మీ ఆడిటర్‌తో సరిచూసుకోండి. టీఎఫ్‌ఎస్‌ఏను ఇండియా పన్ను లేని ఖాతాగా చూడదు, కాబట్టి దాన్ని బయలుదేరేముందే ఖాళీ చేయడం నయం. వెళ్లాక అందులో కొత్తగా కట్టినదానిపై నెలకు 1 శాతం వేస్తారు. అంటారియో లైరాలో మిగిలింది ఉంటే, వెళ్లి రెండేళ్లు నిండాక, నాన్ రెసిడెంట్ అని సీఆర్‌ఏ (కెనడా పన్నుల శాఖ) రాతపూర్వకంగా తేల్చిన పత్రంతో మొత్తం విడిపించుకోవచ్చు.

మీరు అడగలేదు కానీ ఈ వారంలోనే చేయదగ్గ పని ఒకటుంది. ప్రతి ఖాతాలో లబ్ధిదారు పేరు చూడండి. ఆర్‌ఆర్‌ఎస్‌పీ భార్యకు వెళ్తే పన్ను లేకుండా ఆమె ఖాతాలోకి మారుతుంది. పెద్ద పిల్లల పేరో, ఇండియాలో ఉన్న తమ్ముడి పేరో రాసి ఉంటే సొమ్ము వాళ్లకు పోతుంది, దాని మీద పన్ను మాత్రం మీ చివరి రిటర్నులో, మిగతా ఆస్తి నెత్తిన పడుతుంది. టీఎఫ్‌ఎస్‌ఏలో భార్యను లబ్ధిదారుగా కాక సక్సెసర్ హోల్డర్‌గా రాయించండి, ఖాతా అలాగే ఆమెదవుతుంది. ఆర్‌ఆర్‌ఎస్‌పీని రిఫ్‌కు మార్చిన రోజు ఈ ఫారం మళ్లీ నింపాలి, పాతది దానంతటదే కొత్త ఖాతాకు వస్తుందనుకోవద్దు.