ఇద్దరు పిల్లల చదువు డబ్బు గురించి తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. అబ్బాయికి అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చిందని తెలిసి మీ బావగారూ నేనూ ఎంతో సంతోషించాము. మొత్తం ఖర్చు 47 లక్షలు అవుతుందనీ, తెనాలి ఇంటి దస్తావేజులు బ్యాంకులో పెట్టి అందులో 40 లక్షలు రుణం తీసుకోవాలని అనుకుంటున్నావనీ, ఇంత సొమ్ము ఒక్కడికే పెడితే అమ్మాయికి అన్యాయం చేసినట్టవుతుందేమోనని మరదలు మథనపడుతున్నదనీ రాశావు. బ్యాంకు ఉద్యోగకాలంలో చాలా ఏళ్లు విద్యారుణాల కాగితాలు చూసినదాన్ని కనుక, పిల్లల చదువుల దగ్గర మొదలైన మనస్పర్థలు పాతికేళ్ల తర్వాత ఆస్తి పంపకాల్లో ఎలా బయటపడతాయో ఎరుగుదును. మరదలి భయంలో నిజం ఉంది. అందుచేత కొంచెం వివరంగానే రాస్తున్నాను.

“ఎవరికి ఎంత చదువు కావాలంటే అంత చెప్పించాను, ఇందులో తేడా ఏముంది” అని నువ్వు అనుకోవచ్చు. వినడానికి న్యాయంగానే ఉంటుంది కానీ, అందులో ఒక లెక్క మరుగున పడిపోతుంది. అమ్మాయికి మంచి ర్యాంకు వచ్చి, కౌన్సెలింగులో కాకినాడ జేఎన్టీయూలో ఇంజనీరింగు సీటు వచ్చింది. హాస్టలుతో కలిపి నాలుగేళ్లకు నీకు అయింది 4 లక్షలే. అబ్బాయికి ఆ ర్యాంకు రాలేదు. ప్రైవేటు కాలేజీల్లో ర్యాంకును బట్టి ఇచ్చే కన్వీనర్ కోటా 70 శాతం పోగా మిగిలిన 30 శాతం యాజమాన్య కోటాలో వాడికి సీటు తీసుకున్నావు, 12 లక్షలు అయ్యాయి. అమ్మాయి ర్యాంకు వల్ల మిగిలిన ఆ 8 లక్షలు ఎవరివి? ఈ ప్రశ్నను మన ఇళ్లలో ఎవరూ అడగరు. ఆ సొమ్ము తండ్రి చేతిలో మిగిలినట్టు కనిపించి, తమ్ముడి ఫీజుగా వెళ్లిపోతుంది. తెల్లవారుజామున లేచి చదివిన పిల్ల తన కష్టంతో తమ్ముడికి సీటు కొనిపెట్టినట్టయింది, ఆ సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పను కూడా చెప్పలేదు. ర్యాంకు తెచ్చుకున్నందుకు తక్కువ డబ్బు, తెచ్చుకోనందుకు ఎక్కువ డబ్బు అన్న పద్ధతి ఒక ఇంట్లో స్థిరపడితే, బాగా చదివే పిల్లల మనసులో అది జీవితాంతం ముల్లులా ఉండిపోతుంది.

అలాగని అబ్బాయిని తప్పుపట్టవద్దు. ర్యాంకు రాకపోవడం నేరం కాదు, వాడికీ తల్లిదండ్రుల అండ కావాలి. నేను చెప్పేది వాడికి తగ్గించమని కాదు, నీ చేతి నుంచి వెళ్లే సొమ్ముకు ఇద్దరికీ ఒకే హద్దు పెట్టమని. ఆ హద్దు 12 లక్షలు అనుకుందాం. అబ్బాయి భాగం ఇంజనీరింగుతోనే పూర్తయింది. అమ్మాయి భాగంలో ఇంకా 8 లక్షలు నీ దగ్గరే ఉన్నాయి. రెండేళ్లు ఉద్యోగం చేశాక ఎంబీఏ చదవాలని ఉందని ఆమె అంటున్నట్టు నువ్వే రాశావు కదా, ఆ సొమ్ము ఇప్పుడే ఆమె పేరున డిపాజిట్ చేయి. ఆమె చదివినా సరే, చదవకుండా మరొక దానికి వాడుకున్నా సరే, అది ఆమె ఇష్టం. ఒకేసారి 8 లక్షలు తీయలేకపోతే ఏడాదికి 2 లక్షల చొప్పున వేయి, కానీ అలా వేస్తున్నట్టు ఆమెకు తెలియనివ్వు.

ఇక ఎమ్మెస్ సంగతి. విదేశీ చదువు రుణానికి బ్యాంకులు మామూలుగా 15 శాతం మన చేతి నుంచి పెట్టమంటాయి. 47 లక్షల మీద అది 7 లక్షల చిల్లర. అది అబ్బాయి హద్దు దాటిన సొమ్ము కనుక, నువ్వు వాడికిచ్చిన చేబదులుగా రాసుకో. వడ్డీ అడగనక్కరలేదు. ఉద్యోగం వచ్చాక తిరిగి ఇస్తే సరే, ఇవ్వలేకపోతే రేపు పంపకాల్లో వాడి వాటాలో తగ్గుతుందని ఇప్పుడే వాడితో చెప్పు.

చాలామంది గమనించని విషయం మరొకటి ఉంది. రుణం అబ్బాయి పేరున ఉంటుంది, వాడే తీర్చుకుంటాడు, అమ్మాయికి దీనితో సంబంధం ఏమిటని అంటారు. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి ప్రభుత్వ రంగ బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. నువ్వు హామీగా పెడుతున్నది మీకున్న ఒకే ఒక్క ఇల్లు. అది మీరిద్దరూ కష్టపడి కట్టుకున్న స్వార్జితం, మీరు బతికి ఉన్నంత కాలం ఏం చేసినా అడిగేవారు లేరు. అయితే మీ తర్వాత, వీలునామా లేకపోతే, అందులో కొడుక్కీ కూతురికీ సమాన వాటా ఉంటుంది. ఆ ఇంటి మీద తమ్ముడి అప్పు ఉన్నంత కాలం అక్క రేపటి వాటా కూడా తాకట్టులో ఉన్నట్టే. ఆమె చేత సంతకం పెట్టించమని చట్టం అడగదు, కానీ ఆమెకు ముందుగా చెప్పడం నీ ధర్మం.

అప్పు ఎంత అవుతుందో కూడా లెక్కకట్టు. 10 శాతం వడ్డీకి 40 లక్షలంటే ఏడాదికి 4 లక్షల వడ్డీ. చదువు రెండేళ్లు, ఆ తర్వాత వాయిదాలు మొదలయ్యేలోపు ఒక ఏడాది, ఈ మూడేళ్లూ ఏమీ కట్టకపోతే సాధారణ వడ్డీ లెక్కనే అప్పు 52 లక్షలవుతుంది. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు 68 వేలకు పైగా వాయిదా పడుతుంది. అమెరికాలో చదువు పూర్తయ్యాక, చదివిన రంగంలో పని నేర్చుకోవడానికిచ్చే ఓపీటీ అనే అనుమతి మీద ఒక ఏడాది, సైన్సు, ఇంజనీరింగు కోర్సులకు మరో రెండేళ్లు పనిచేసే వీలుంటుంది. ఆ తర్వాత కూడా అక్కడే ఉద్యోగం చేయాలంటే హెచ్1బీ అనే ఉద్యోగ వీసా లాటరీలో పేరు రావాలి. రాకపోతే పిల్లవాడు తిరిగి వచ్చి ఇక్కడి జీతంతో ఆ వాయిదా కట్టాలి. వాడు కట్టలేని నెలల్లో ఎవరు కడతారన్నది వాడు విమానం ఎక్కకముందే తేల్చుకోవలసిన మాట. చాలా ఇళ్లలో ఆ భారం అడగకుండానే ఉద్యోగంలో ఉన్న అక్క మీద పడుతుంది.

ఈ సందర్భంలో నా బల్ల ముందు జరిగినది ఒకటి చెప్పాలి. ఒక తండ్రి కూతురిని వెంటబెట్టుకుని బ్రాంచికి వచ్చాడు. తన రిటైర్మెంటు దగ్గర పడిందని, జీతం ఉన్న కూతురిని కొడుకు రుణంలో సహరుణగ్రహీతగా చేర్చాడు. ఆ అమ్మాయి సంతకాలు పెడుతూ పెడుతూ నాలుగో కాగితం దగ్గర ఆగి, “నాన్నా, ఇందులో ఎంత రాసి ఉంది?” అని అడిగింది. ఆయన “నీకెందుకమ్మా, తమ్ముడే కట్టుకుంటాడు” అన్నాడు. ఆమె నా వైపు చూసింది. సహరుణగ్రహీత అంటే ఆ అప్పు మొత్తానికీ ఆమె కూడా బాధ్యురాలనీ, ఒక్క వాయిదా తప్పినా, అప్పులు ఎలా తీరుస్తున్నామో చూపే ఆమె సిబిల్ స్కోరు మీద దెబ్బ పడుతుందనీ, రేపు ఆమె ఇంటి రుణానికి వెళితే ఈ వాయిదాను కూడా ఆమె ఖర్చుగానే లెక్కిస్తారనీ నేను విడమరిచి చెప్పాను. ఆ తండ్రి చెడ్డవాడు కాడు. కూతురికి చెప్పవలసిన అవసరం ఉందని ఆయనకు తట్టలేదు, అంతే. నువ్వు మాత్రం అమ్మాయిని ఆ రుణంలో చేర్చవద్దు. నీ జీతం మీద రుణం రాకపోతే అంత రుణం నీకు తగినది కాదని అర్థం, కాలేజీని మార్చుకోమని అబ్బాయికి చెప్పు.

అమ్మాయి హైదరాబాదు నుంచి నెలనెలా ఇంటికి పంపుతున్న డబ్బు గురించి కూడా ఒక మాట. ఆ సొమ్ము ఇంటి ఖర్చుకు వాడితే అది ఆమె మీకు ప్రేమతో ఇచ్చినది. దాన్నే తమ్ముడి ఫీజుకు మళ్లిస్తే అది తమ్ముడికి ఆమె ఇచ్చిన అప్పు. వాడే ఆమెకు తీర్చాలి.

నువ్వు తప్పకుండా అడుగుతావని తెలిసే పెళ్లి ఖర్చు గురించి రాస్తున్నాను. “అమ్మాయి పెళ్లికి ఎటూ 25 లక్షలవుతాయి, అబ్బాయి చదువుతో అది సరిపోతుంది కదా” అన్న మాట మన బంధువుల్లో ఎవరిని కదిపినా వస్తుంది. నేను దాన్ని ఒప్పుకోను. కల్యాణమండపానికీ, భోజనాలకూ, పెట్టుపోతలకూ పోయే డబ్బు ఒక్క పూటలో కరిగిపోతుంది, అమ్మాయి చేతికి అందులో ఏమీ మిగలదు. అబ్బాయి డిగ్రీ జీవితాంతం జీతమై వస్తుంది. పైగా కట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ 1961 నుంచి నేరం, దాన్ని కూతురి వాటాగా లెక్క రాయడం ఏ విధంగానూ పొసగదు. పెళ్లిళ్లు ఇద్దరికీ అవుతాయి, ఆ ఖర్చును ఇద్దరికీ విడిగా రాసుకో. చదువు పద్దులో మాత్రం చదువే ఉండాలి.

రుణం సరిపోకపోతే పొలం అమ్ముతానని కూడా అన్నావు. ఇల్లు వేరు, పొలం వేరు. అది తాతగారి కాలం నుంచి ఉమ్మడిగా వస్తున్న ఆస్తి అయితే అందులో నీ కూతురికి పుట్టుకతోనే హక్కు ఉంటుంది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో మన రాష్ట్రంలో ఆడపిల్లలకు ఆ హక్కు ఇచ్చింది. 2005లో కేంద్రం చేసిన సవరణతో అది దేశమంతటికీ వచ్చింది. సవరణ నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో నిమిత్తం లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. అయితే తండ్రి నుంచి వచ్చిన ప్రతి ఆస్తీ ఉమ్మడి ఆస్తి కాదు. అందుకని బేరం పెట్టకముందే దస్తావేజులు లాయరుకు చూపించు. ఉమ్మడిదే అయితే అమ్మాయి సంతకం లేకుండా అమ్మకానికి దిగవద్దు, కొనేవాడు కూడా ఆ సంతకం అడుగుతాడు.

ఏవి లెక్క రాయకూడదో కూడా తెలుసుకోవాలి. జబ్బు చేస్తే పెట్టిన ఖర్చు, పదో తరగతి దాకా చదువు, పండగ బట్టలు, ఫోను, ఇవన్నీ రాసుకుంటూ కూర్చుంటే ఇల్లు కిరాణా కొట్టవుతుంది. అబ్బాయికి చిన్నప్పుడు ఉబ్బసానికి పెట్టిన డబ్బును ఎప్పుడూ ఎత్తిచూపవద్దు. ఇంటర్ తర్వాత కాలేజీలకూ, ఆ కాలేజీల ఊళ్లలో ఉండటానికీ పెట్టినవి మాత్రం రాయి.

రాయడం అంటే పెద్ద పత్రం అక్కరలేదు. ఒక నోటుపుస్తకంలో తేదీ, ఎవరికి, దేనికి, ఎంత, ఇచ్చినదా చేబదులా అని ఒక్కొక్క వరుసలో ఉంటే చాలు. “2021 ఆగస్టు, అబ్బాయి, రెండో ఏడు ఫీజు, 2,10,000, ఇచ్చినది” అన్నట్టు. పాత లెక్కలు మరదలికి గుర్తుంటాయి, ఆమెనే రాయమను. ఆ పుస్తకం ఇద్దరు పిల్లలూ ఎప్పుడైనా తెరిచి చూసుకునేచోట ఉండాలి. రేపు కోడలూ అల్లుడూ వచ్చాక ఈ మాటలు ఎత్తితే కొత్తవాళ్లకు అవి తమ మీద వేసిన నిందలా వినిపిస్తాయి. ఇప్పుడు నలుగురే కనుక మాట్లాడటం తేలిక.

మాట్లాడేటప్పుడు నువ్వు ముందే తీర్మానించుకుని వెళ్లి చెప్పవద్దు. ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, ఇంత ఉంది, ఇంత కావాలి, ఇల్లు హామీ పెడుతున్నాము, మీకేమనిపిస్తున్నది అని అడుగు. అమ్మాయి “నాకేమీ వద్దు నాన్నా, తమ్ముడిని పంపించండి” అంటుంది. మన ఆడపిల్లలకు అలా అనడం చిన్నప్పటి నుంచే అలవాటు చేశాము. ఆ మాటను పట్టుకుని 8 లక్షలు ఆపవద్దు. ఆమె వద్దన్నా డిపాజిట్ వేయి. అబ్బాయి ముందే వేయి, తాను అందుకున్నది ఎంతో వాడికి అప్పుడు తెలుస్తుంది. వాడు మనసున్న పిల్లవాడు, నొచ్చుకోడు.

వీసాకు కావలసిన ఐ-20 పత్రం కోసం యూనివర్సిటీకి నిధులు చూపించవలసిన గడువు ఎప్పుడో కనుక్కుని, దానికి కనీసం రెండు వారాల ముందు అమ్మాయిని సెలవు పెట్టి రమ్మను. ఫోనులో తేల్చవద్దు. బ్యాంకు ఇచ్చిన మంజూరు పత్రాన్ని సంతకాలు కాకముందే ప్రతి పేజీ ఫొటో తీసి నాకు పంపు. చదువుకునే కాలంలో వడ్డీ కట్టాలా అక్కరలేదా, సహరుణగ్రహీతగా ఎవరి పేరు వేశారు, బీమా ప్రీమియం రుణంలో కలిపారా, ఈ మూడూ చూసి మరునాడే చెబుతాను.

మరదలికీ పిల్లలకూ నా ఆశీస్సులు.

ఇట్లు,
మీ అక్క