రెండేళ్ల కాలేజీ నుంచి ఇంజినీరింగ్‌కు

ప్రశ్న: కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల కాలేజీ) మంచి మార్కులతో చదివిన మా అబ్బాయి, ఈ ఏడాది యూనివర్సిటీలో మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరంలో చేరాడు. మొదటి మిడ్‌టర్మ్‌లోనే మార్కులు బాగా తగ్గాయి. వాడికి చదువు రాదనుకోవాలా?
– ఒక తల్లి, శాన్‌హోసే

జవాబు: అలా అనుకోనక్కరలేదమ్మా. బదిలీ అయి వచ్చినవారికి మొదటి టర్మ్‌లో మార్కులు తగ్గడం ఎంత మామూలంటే, దానికి అక్కడ ‘ట్రాన్స్‌ఫర్ షాక్’ అని పేరే పెట్టారు. కమ్యూనిటీ కాలేజీలు ఎక్కువగా సెమిస్టర్ పద్ధతిలో నడుస్తాయి. బర్క్‌లీ, మెర్సెడ్ మినహా ‘యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా’ క్యాంపస్‌లలో అండర్‌గ్రాడ్యుయేట్ చదువు క్వార్టర్ పద్ధతిలో సాగుతుంది. 10 వారాల క్వార్టర్‌లో, పుస్తకం సర్దుకునేలోపే, నాలుగైదు వారాలకే మిడ్‌టర్మ్ వచ్చి పడుతుంది. పైగా తోటివారికి రెండేళ్లుగా స్నేహబృందాలున్నాయి. మీవాడు హోంవర్క్‌తో ఒంటరిగా కుస్తీ పడుతుండవచ్చు.

అందుచేత దిద్దిన మిడ్‌టర్మ్ పేపరు పట్టుకుని ఈ వారమే ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కు (విద్యార్థులను కలవడానికి ఆయన కేటాయించే సమయానికి) వెళ్లమనండి. వచ్చే క్వార్టర్‌లో థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్స్ వంటి బరువైన కోర్సులన్నీ ఒకేసారి తీసుకోకుండా సలహాదారుతో మాట్లాడమనండి. డిగ్రీ ఒక క్వార్టర్ ఆలస్యమైనా, ఫీజు భారం తప్ప, కొంప మునగదు. పక్కింటివారి పిల్లలతో పోలిక మాత్రం దయచేసి వద్దు.