రిపోర్టులు నార్మల్, మనిషి మాత్రం ఇంకా ఐసీయూలోనే

ప్రశ్న: మాది గుంటూరు. నాలుగు నెలల క్రితం మా ఆయనకు న్యుమోనియా ముదిరి వెంటిలేటర్ పెట్టారు. ఇప్పుడు రిపోర్టులన్నీ నార్మల్. కానీ రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నారు. వాషింగ్ మెషీన్ బీప్ అన్నా చెమటలు పడుతున్నాయి. చెకప్‌కు రానంటున్నారు. ఐసీయూలో తనను మంచానికి కట్టేసి చంపబోయారని ఒక్కసారి చెప్పి, మళ్లీ నోరు విప్పలేదు. ‘గండం గడిచింది కదా, ఇంకా దిగులెందుకు’ అంటారు మా అత్తగారు. కౌన్సెలింగ్‌తో ఇది తగ్గుతుందా?

జవాబు: తగ్గుతుందమ్మా. ముందు మీరు భయపడటం మానండి, ఆయనకు పిచ్చి పట్టలేదు. ఇన్ఫెక్షన్, మత్తుమందులు, నిద్ర లేకపోవడం కలిసి ఐసీయూలో చాలామందికి మతి తప్పినంత అయోమయం కలుగుతుంది. డాక్టర్లు దాన్ని డెలీరియం అంటారు. గొంతులోని ట్యూబు లాగేసుకోకుండా చేతులు కట్టడం కొన్నిచోట్ల మామూలే. ఆ స్థితిలో ఉన్న మనిషికి అది చంపడానికి కట్టినట్టే ఉంటుంది. ‘అదంతా నీ భ్రమ’ అని మాత్రం అనకండి. ఆయన పడ్డ భయం నిజమైనదే.

ఇలాంటి లక్షణాలు నెల దాటినా పోలేదంటే పీటీఎస్‌డీ, అంటే పెద్ద భయం మనసులో మిగిల్చే జబ్బు, అయి ఉండొచ్చు. తేల్చాల్సింది సైకియాట్రిస్టు. దీనికి చేసే థెరపీ అంటే ధైర్యం చెప్పి పంపించడం కాదు. ఆలోచనల్ని, అలవాట్లను మార్చే సీబీటీ అనే థెరపీలో ఇలాంటి మానసిక గాయాల (ట్రామా) కోసమే ఉన్న పద్ధతిలో ఆ రోజుల్ని కొద్దికొద్దిగా చెప్పిస్తారు, తప్పించుకు తిరుగుతున్న వాటి దగ్గరకు మెల్లగా తీసుకెళ్తారు. ముందు ఫోన్‌లో ఆ బీప్ వినడం, తర్వాత ఆసుపత్రి గేటు దాకా వెళ్లి రావడం, ఆపైన ఓపీలో కాసేపు కూర్చోవడం, ఇలా. కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలుచుకునే ఈఎండీఆర్ అనే పద్ధతీ ఉంది. మొదట్లో కలలు పెరిగినట్టు అనిపించవచ్చు. ఆ మాట థెరపిస్టుకు చెప్పండి, మధ్యలో మానేయకండి.

ఇందులో మీకూ పని ఉంది. ఆయనకు గుర్తులేని ఆ రోజులన్నీ మీరు ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని చూశారు. ట్యూబు ఏ రోజు తీశారు, మీరు లోపలికి వెళ్లి ఏం మాట్లాడారు, నర్సు ఏం చెప్పింది, అన్నీ ఒక నోటుబుక్కులో తేదీలతో రాయండి. ఆయన అడిగినప్పుడే ఇవ్వండి.

మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చి వేయకండి. గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రిలో) సైకియాట్రీ విభాగం ఉంది. ఆసుపత్రి మెట్లెక్కడమే ఆయనకు కష్టం కాబట్టి, ముందు ఇంట్లోంచే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రి వేళైనా పలుకుతారు. ‘బతికి ఏం లాభం’ లాంటి మాట ఆయన నోట వస్తే ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.