చిన్న గ్యాస్ టర్బైన్ల డిజైన్: మెకానికల్ విద్యార్థి ఏం చదవాలి?

ప్రశ్న: బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. జీవితకాల వ్యయం తగ్గేలా చిన్న గ్యాస్ టర్బైన్ ఇంజిన్లు డిజైన్ చేసే రంగంపై ఆసక్తి ఉంది. ఏరోస్పేస్ డిగ్రీ తప్పనిసరా? వేటిపై పట్టు సాధించాలి?

జవాబు: తప్పనిసరి కాదు. గేట్ మెకానికల్ పేపర్‌తోనూ కొన్ని ఐఐటీల్లో ఏరోస్పేస్ ఎంటెక్‌లో చేరవచ్చు. అయితే ముందుగా ఒక విషయం గ్రహించండి. కొనుగోలు ధర, ఇంధనం, తనిఖీలు, విడిభాగాలు, ఓవర్‌హాల్ (ఇంజిన్‌ను పూర్తిగా విప్పి బాగుచేయడం) అన్నీ కలిసిన ఈ జీవితకాల వ్యయంలో అధికభాగం డిజైన్ తొలి దశలోని నిర్ణయాలతోనే ఖాయమైపోతుంది.

టర్బైన్‌లోకి వచ్చే వాయువు ఉష్ణోగ్రత పెంచితే ఇంధనం ఆదా అవుతుంది. పెద్ద ఇంజిన్ల బ్లేడ్లలో చల్లటి గాలికి సన్నని దారులు పెడతారు కానీ, చిన్న ఇంజిన్ బ్లేడ్లలో అందుకు చోటు చాలదు కాబట్టి ఆ వేడిని లోహమే భరించాలి. లోహం ఉష్ణోగ్రత 15 డిగ్రీల మేర పెరిగినా క్రీప్ (వేడిలో, ఒత్తిడిలో లోహం నెమ్మదిగా సాగిపోవడం) పరంగా బ్లేడు ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలోని స్థూల అంచనా. అంటే ఇంధనంలో మిగిలింది ఓవర్‌హాల్‌లో పోవచ్చు.

ఇంజిన్ చేసే పనిని బట్టి ఈ లెక్క పూర్తిగా మారుతుంది. క్రూయిజ్ క్షిపణి కోసం రూపొందిన మాణిక్ ఇంజిన్ ఎగిరేది ఒక్కసారే కనుక, అక్కడ తయారీ ఖర్చు, ఏళ్ల తరబడి నిల్వ ఉన్నా చెడకపోవడం ముఖ్యం. ధ్రువ్ హెలికాప్టర్‌లోని శక్తి ఇంజిన్ మాత్రం వేల గంటలు పనిచేయాలి. దానిలోని రెండు దశల సెంట్రిఫ్యుగల్ కంప్రెసర్ (గాలిని తిప్పి బయటివైపు విసురుతూ కుదించేది) వంటి అమరికలో, అనేక వరుసల చిన్న బ్లేడ్లున్న కంప్రెసర్‌తో పోలిస్తే విడిభాగాలు తక్కువ, దృఢత్వం ఎక్కువ.

అందువల్ల సీఎఫ్‌డీ (గాలి, వాయువుల ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కించే పద్ధతి) సాఫ్ట్‌వేర్ కోర్సులకే సమయమంతా వెచ్చించవద్దని గట్టిగా చెబుతాను. క్రీప్, ఫెటీగ్ (పదేపదే పడే ఒత్తిడితో లోహం అలసి పగలడం), రోటర్ డైనమిక్స్ (తిరిగే భాగాల కంపనాల అధ్యయనం), ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్ (మైనపు నమూనాతో అచ్చు చేసి లోహం పోతపోయడం) శ్రద్ధగా చదవండి. చివరి సంవత్సరం ప్రాజెక్టుగా ఒక చిన్న ఇంజిన్ సైకిల్ (గాలిని కుదించడం, మండించడం, వ్యాకోచింపజేయడం) లెక్కను పైథాన్‌లో రాసి, టర్బైన్‌లోకి వచ్చే వాయువు ఉష్ణోగ్రత 50 డిగ్రీలు పెంచితే ఇంధనం ఎంత తగ్గుతుందో, బ్లేడు ఆయుష్షు ఎంత పోతుందో రెండింటినీ రూపాయల్లోకి మార్చి చూడండి.

ఇంజిన్ డిజైన్ ప్రధానంగా బెంగళూరులోని జీటీఆర్‌ఈ (డీఆర్‌డీఓకు చెందిన గ్యాస్ టర్బైన్ పరిశోధన సంస్థ), విమానాల తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌లలో జరుగుతున్నా, దానికి కావలసిన లోహ పరిజ్ఞానం హైదరాబాద్‌లోనే ఉంది. హెలికాప్టర్ ఇంజిన్ కోసం 60 సింగిల్ క్రిస్టల్ బ్లేడ్లను (ఒకే స్ఫటికంగా పోతపోసినవి, క్రీప్‌ను బాగా తట్టుకుంటాయి) అక్కడి డీఆర్‌డీఓ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ 2021లో హెచ్‌ఏఎల్‌కు అందించింది. అధిక వేడిని తట్టుకునే సూపర్ అల్లాయ్ మిశ్రమ లోహాలను అక్కడి ప్రభుత్వ సంస్థ మిధాని తయారుచేస్తోంది. డిజైన్ ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. కాబట్టి మొదట ఓవర్‌హాల్ షాపులో అవకాశం వచ్చినా వదులుకోకండి. ఏ భాగం ముందుగా అరుగుతుందో, దేన్ని విప్పడానికి ఎక్కువ సమయం పడుతుందో అక్కడే ప్రత్యక్షంగా తెలుస్తుంది.