ముక్కు సర్జరీకి వెళ్తే సైకియాట్రిస్టును కలవమన్నారు.. ఎందుకు?

ప్రశ్న: నా వయసు 24. ముక్కు మధ్యలో ఎత్తుగా ఉందని సర్జరీకి వెళ్తే, ముందు సైకియాట్రిస్టును కలిసి రమ్మన్నారు. నాకు పిచ్చి అనుకుంటున్నారా? వేరే డాక్టర్ని చూసుకోవాలా?

జవాబు: వెళ్లి కలవండమ్మా. అలా పంపిన సర్జన్‌ను మాత్రం వదులుకోకండి. మీకు పిచ్చి అని ఎవరూ అనుకోవడం లేదు. ముక్కు సరిచేస్తే మీ బాధ తీరుతుందా లేదా అన్నది ఆపరేషన్‌కు ముందే తేలాలి, అంతే.

బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అనే సమస్య ఒకటుంది. ఎదుటివాళ్ల కంటికి ఆననంత చిన్న లోపం, ఒక్కోసారి అసలు లేని లోపమే, వీళ్లను రోజంతా పీక్కు తింటుంది. జనంలో సుమారు 2 శాతం మందికి ఉండే ఈ సమస్య ముక్కు సర్జరీకి వచ్చేవాళ్లలో చాలా ఎక్కువ. ఆపరేషన్ ఎంత బాగా కుదిరినా వీళ్లలో చాలామందికి తృప్తి ఉండదు, మళ్లీ చేయమంటారు, లేదంటే దృష్టి గడ్డం మీదికో పెదవుల మీదికో మళ్లుతుంది.

సైకియాట్రిస్టు దగ్గర మామూలు మాటలే ఉంటాయి. అద్దం చేతికిచ్చి ‘నచ్చనిదేంటో వేలితో చూపించండి’ అంటారు. మీరు చూపించింది డాక్టరుకూ కనిపిస్తోందా, దాని గురించే రోజుకు గంటకు మించి ఆలోచిస్తున్నారా, ఫొటోల్లో ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారా, నలుగురిలోకి వెళ్లడం మానేశారా, ఇది మీ కోరికా లేక ఇంట్లోవాళ్ల పోరా, ఇవన్నీ అడుగుతారు. ‘ముక్కు బాగుంటే ఆయన నన్ను వదిలేసేవాడు కాదు’ లాంటి ఆలోచన ఉంటే దాచకుండా చెప్పండి. అలాంటప్పుడు సర్జరీ కొన్నాళ్లు ఆపడమే మంచిది.

అన్నట్టు, సెల్ఫీలు చూసి నిర్ణయానికి రాకండి. 2018లో వేసిన లెక్క ప్రకారం, అడుగు దూరం నుంచి తీసిన ఫొటోలో ముక్కు 5 అడుగుల దూరం నుంచి తీసినదానికంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుంది.

సమస్యేమీ లేదని తేలితే నిశ్చింతగా సర్జరీ చేయించుకోవచ్చు. కాకపోతే వాపు పూర్తిగా తగ్గి అసలు ఆకారం తెలియడానికి ఏడాది దాకా పడుతుందని గుర్తుంచుకోండి. డిస్మార్ఫిక్ డిజార్డర్ అని తేలినా భయం వద్దు, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీతో (ఆలోచనల, అలవాట్ల తీరును మాటల ద్వారా మార్చే చికిత్స), ఫ్లూయాక్సెటిన్ లాంటి మందులతో చాలామందికి నయమవుతుంది. మందు గుణం తెలియడానికి 12 వారాల దాకా పట్టొచ్చు, మధ్యలో మానేయకూడదు, సొంతంగా అసలే వాడకూడదు.

ఒకవేళ ఈ ముఖంతో బతకడమెందుకు అనిపిస్తుంటే మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దమ్మా, ఇవాళే ఇంట్లో చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.