దెయ్యాన్ని నమ్మేవాళ్లకి తెలివి తక్కువా?

"దెయ్యాలు, ఆత్మలు ఉన్నాయని నమ్మేవాళ్లకి తెలివి తక్కువా, లేక అది వాళ్ల స్వభావమా?" అని అడిగారు. తెలివి తక్కువ అనడం అన్యాయం అంటాను నేను. నమ్మకం వేరు, అనుభవం వేరు, ముందు వాటిని విడదీసి చూడాలి.

నాకూ మా అక్కకీ ఒకేలాంటి అనుభవం వస్తుంటుంది. నిద్రలోంచి మెలకువ వస్తుంది, కళ్లు తెరుచుకుంటాయి, కానీ కాలూ చెయ్యీ కదలవు, గుండెల మీద ఎవరో కూర్చున్నంత బరువు, గదిలో ఇంకొకరు ఉన్నారని గట్టిగా అనిపిస్తుంది. స్లీప్ పెరాలసిస్ అంటారు దీన్ని. కలలొచ్చే నిద్రలో మెదడు కండరాలను కదలనివ్వదు, ఆ పట్టు వదలకముందే మెలకువ వస్తే ఇలా అవుతుంది. నిద్ర చాలనప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువ. నాకైతే వెంటనే కారణం వెతకాలనిపిస్తుంది. అక్కకి మాత్రం అది ఆత్మే, ఇంకో మాట లేదు. లెక్కల్లో అక్క నాకన్నా ఎంతో చురుకు!

తేడా ఎక్కడుందంటే, మొదట తట్టినదాన్ని మళ్లీ పరీక్షించే అలవాటులో. బ్యాటూ బంతీ కలిపి 110 రూపాయలు, బంతికన్నా బ్యాటు 100 ఎక్కువ, మరి బంతి ఎంత? చాలామందికి ఠక్కున 10 అని వస్తుంది, ఆగి చూస్తే 5. పరిశోధకుడు షేన్ ఫ్రెడరిక్ 2005లో ఇచ్చిన ప్రశ్న ఇది. మనస్తత్వ పరిశోధకుడు గార్డన్ పెన్నికుక్ బృందం 2012లో చూసిందేమిటంటే, ఇలా ఆగి ఆలోచించేవాళ్లలో అతీంద్రియ నమ్మకాలు సగటున తక్కువ, తెలివితేటల్లో తేడాలను లెక్కలోంచి తీసేసినా సరే. అయితే ఇది సగటు మాటే, ఒక మనిషిని చూసి తీర్పు చెప్పడానికి పనికిరాదు.

అనుభవాల సంగతికొస్తే అక్కడ స్వభావం పాత్ర ఎక్కువ. పాట వింటూనో కథ చదువుతూనో చుట్టూ ఏముందో మర్చిపోయేంతగా లీనమైపోయేవాళ్లు ఉంటారు కదా, ఆ గుణాన్ని కొలవడానికి 1974లోనే టెల్లెగన్, అట్కిన్సన్ అనే పరిశోధకులు ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులో ఎక్కువ మార్కులు వచ్చేవాళ్లే ఇలాంటి అనుభవాలూ ఎక్కువ చెబుతారు. అది జబ్బు కాదు. అక్క అచ్చం అలాంటి మనిషే.

టెన్షన్ కూడా తోడవుతుంది. పరిస్థితి మన చేతుల్లో లేదనిపించినప్పుడు లేని ఆకారాలు కూడా మనిషికి కనిపిస్తాయని 2008లో విట్సన్, గలిన్‌స్కీ అనే పరిశోధకుల ప్రయోగాల్లో తేలింది. అమ్మ ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో అక్కకి ప్రతి చప్పుడూ ఒక సంకేతమే.

అందుకే మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటిది చెబితే "అంతా భ్రమ" అని కొట్టిపారేయకండి, వాళ్లకి అనిపించింది నిజంగానే అనిపించింది. ఎలా పడుకున్నారు, ఎన్ని గంటలు నిద్రపోయారు అని అడగండి. మాటిమాటికీ వస్తూ, పగలు కూడా ఆపుకోలేనంత నిద్ర ముంచుకొస్తుంటే నార్కోలెప్సీ అనే నిద్ర జబ్బు కావచ్చు, డాక్టరుకి చూపించండి.