పొద్దున్నే యోగా చేస్తే ఒంటికే కాకుండా మనసుకీ మేలుంటుందా?

ఉంటుంది, కాకపోతే ఆసనాలు వేసినంత మాత్రాన వచ్చేస్తుందని అనుకోవద్దు. పతంజలి చెప్పిన ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది, ప్రాణాయామం నాలుగోది. వాటికంటే ముందు సత్యం, అహింస, ఉన్నదాంతో తృప్తిపడటం లాంటి యమనియమాలు ఉన్నాయి, ఆ తర్వాత ధ్యానం, సమాధి దాకా దారి సాగుతుంది.

మాది పర్లాకిమిడి. నాన్న పోయాక అమ్మకి నెలల తరబడి నిద్ర పట్టేది కాదు, అప్పటినుంచే డాబా మీద పాత దుప్పటి నాలుగు మడతలు వేసుకుని, కొండల వెనక ఇంకా వెలుగు రాకముందే కూర్చోవడం మొదలుపెట్టింది. పక్కన కూర్చుంటే ఆవిడ ఊపిరి వదిలే చప్పుడు వినిపిస్తుంది, చాలా నెమ్మదిగా, తీసుకున్నదానికి రెట్టింపు సేపు. అసలు కిటుకు అక్కడే ఉంది. ఊపిరి అలా పొడవుగా వదిలితే మెదడు నుంచి గుండెకి వెళ్లే వేగస్ అనే నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది, దాంతో టెన్షన్ దిగుతుంది, అప్పుడు జపమైనా ధ్యానమైనా కుదురుగా సాగుతుంది. అమ్మ ఇప్పుడు నిద్రపోతోంది, నాన్న మాట వస్తే ఏడవకుండా చెప్పగలుగుతోంది.

పెద్దలు చెప్పే బ్రహ్మముహూర్తం సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉంటుంది. అప్పుడు లేవలేకపోతే బెంగపడకండి, కడుపు ఖాళీగా ఉండి, ఫోన్ ఇంకా ముట్టుకోకపోతే చాలు. నాలుగు సూర్యనమస్కారాలు, పది నిమిషాలు ఊపిరి మీద ధ్యాస, అంతే. బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు మాత్రం ఊపిరి బిగబట్టొద్దు.